మూడూళ్ల రాయి

నర్సింహమ్మ పాలల్లో నీళ్లు కలిపేది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కష్టపడ్డ మనిషి గురించి రాయమంటే చాలు, మనవాళ్లు ఆ మనిషిని కడిగి, బొట్టు పెట్టి, దేవుడి పక్కన పీటేసి కూర్చోబెడతారు. నర్సింహమ్మ అలా కూర్చునే రకం కాదు. పాలు ఇంత పల్చగా ఉన్నాయేమిటని ఒకసారి గట్టిగానే అడిగాను. "బర్రె నీళ్లు తాగుతది గదక్కా. తాగిన నీళ్లు యాడికి పోవాలె?" అంటూ గిన్నె నా చేతికిచ్చింది. కొసరు మాత్రం రోజూ పోసేది. ఆ కొసరులోనూ నీళ్లే అనుకోండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మావారు భీమశంకరంగారికి పటాన్‌చెరు పక్కన సర్కారు కర్మాగారంలో, డ్రాయింగు విభాగంలో ఉద్యోగం వస్తే పెళ్లయిన కొత్తలోనే ఇక్కడికొచ్చి పడ్డాం. కాలనీ నిండా మావైపువాళ్లే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో మాకు పని పడేది పాల దగ్గరా కూరగాయల దగ్గరా మాత్రమే. అలా వచ్చినవాళ్లలో నర్సింహమ్మ ఒక్కతే నా వంటింటి గడప మీద కూర్చునే చనువు సంపాదించింది. మొదట్లో ఆమె మాట నాకు సగమే అర్థమయ్యేది. నా మాటకు ఆమె పడీ పడీ నవ్వేది.

ఆమె పుట్టిల్లు హత్నూర వైపు, అత్తగారి ఊరు ఎర్రకుంట. ఆ ఊరు ఇప్పుడు లేదు. రుద్రారం వెళ్లే దారి నుంచి లోపలికి, కంపెనీల గోడలూ లారీలూ తప్ప ఇంకేమీ కనిపించనిచోట ఉండేదట. భర్త మల్లయ్యకు అక్కడ జొన్నా కందీ పండే నల్లరేగడి చేను, అందులో మోటబావి. పరిశ్రమల కోసం సర్కారు భూములు తీసుకున్నప్పుడు చేనూ బావీ పోయాయి. మల్లయ్య అదే నేల మీద లేచిన ఫ్యాక్టరీ ఒకదానికి వాచ్‌మన్ అయ్యాడు. మొన్నటిదాకా తిరిగిన నేలకే కాపలా, కాకపోతే లోపలికి అడుగుపెట్టాలంటే చీటీ కావాలి. నర్సింహమ్మ పటాన్‌చెరులో కిరాయి కొట్టం తీసుకుని బర్రెల్ని పెట్టి మా కాలనీకి పాలు పోసేది. ఫ్యాక్టరీల మురుగు కలిసిన వాగు నీళ్లు తాగి బర్రెలు చచ్చిపోయాక ఒక క్యాంటీనులో గిన్నెలు తోమింది. మల్లయ్య పోయాక పోతిరెడ్డిపల్లిలో కొడుకు మల్లేష్ దగ్గరికి చేరింది. పాలు మానేసి ఇన్నేళ్లయినా నెలకోసారైనా బస్సెక్కి మా ఇంటికి రావడం మానలేదు.

మల్లేష్ కంటే ముందు ఆమెకో ఆడపిల్ల. పేరు బాలమణి. తల్లి కొంగు పట్టుకుని చేనంతా తిరుగుతూ, కనిపించినదాన్నల్లా ఇదేంది అదేంది అని అడిగే వయసులో తట్టు వచ్చి పోయింది. చిన్నపిల్లలను కాల్చరు కనుక సొంత చేనులోనే మోటబావి గట్టున పూడ్చిపెట్టారు. తల దగ్గర మల్లయ్య తన చేతులతో ఒక రాయి పాతాడు. ఆ తర్వాత కొద్దికాలానికే భూములు పోయాయి.

"గొడ్డు, గోద అన్నీ సర్దుకొని వచ్చినమక్కా. బిడ్డనొక్కదాన్ని ఇడిసిపెట్టొచ్చినం," అని చెప్పింది ఒకసారి, నా గడప మీద కూర్చుని. పటాన్‌చెరుకు మారాక ఆమె అన్నం ముట్టడం మానేసిందట. మల్లయ్య దొరికిన కూలిపని చేస్తూనే రోజూ చేను వైపు వెళ్లి ఆ రాయి కోసం వెతికేవాడు. మిషన్లు గట్లన్నీ చదును చేసేశాయి, బావి పూడ్చేశారు. ఏది ఎవరి చేనో పోల్చుకునే వీలే లేదు. ఒక సాయంత్రం వచ్చి, దొరికిందన్నాడు. మర్నాడు భార్యను తీసుకెళ్లి చూపించాడు.

"సెట్టు లేదు, పుట్ట లేదు. గంత జాగల నా బిడ్డ రాయొక్కటే నిలవడ్డది. గా మిషినోడు గూడ ముట్టలే. సూసినవా అక్కా, బిడ్డంటే వానికి గూడ భయమైంది," అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఒక గర్వం కనిపించేది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నానంది.

అప్పటినుంచి ఏటా పెత్రమాస నాడు, అంటే భాద్రపద అమావాస్య రోజు, ఆ రాయి దగ్గరికి వెళ్లేది. ఇక్కడ ఆ రోజు పోయిన పెద్దల పేరున బియ్యం ఇస్తారు. ఎంగిలిపూల బతుకమ్మ మొదలయ్యేదీ ఆ రోజే. చిన్నపిల్లలకు పెట్టే ఆనవాయితీ లేదని బంధువులు చెప్పినా వినలేదు. ఆడపిల్ల, పూలు పేర్చుకోవద్దా అనేది. తంగేడు, గునుగు పూలతో అరచేతిలో ఇమిడేంత బతుకమ్మను పేర్చి, రొట్టె నలిపి బెల్లం కలిపి ఒక మలీద ముద్ద చేసి పట్టుకెళ్లేది. మల్లయ్య చెంబుతో నీళ్లు పట్టుకుని వెనక నడిచేవాడు. ఒక ఏడు నేనూ వెళ్లాను. ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన, మురుగు కాలువ ఒడ్డున మోకాలెత్తు రాయి. పసుపు మీద పసుపు, దాని మీద రంగు, దాని మీద మళ్లీ పసుపు. మల్లయ్య చేతులు జోడించి, తల వంచి నిలబడ్డాడు. ఆవిడ ఆ రాయితో మాట్లాడినంతసేపూ అతను తల ఎత్తలేదు.

ఇక మావారి సంగతి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రిటైరైన మగవాళ్లు కాలనీలో గుడి కమిటీలని, పేకాటలని కాలక్షేపం చేస్తుంటే ఈయన పాత మ్యాపుల్లో పడ్డారు. నిజాం కాలం నాటి ఊరి పటాలకు సంగారెడ్డి వెళ్లి నకళ్లు తెచ్చేవారు. హైదరాబాదు లైబ్రరీల్లో కూర్చుని రెవెన్యూ రిపోర్టులు చదివేవారు. పటాల మీద ఉర్దూ అక్షరాలుంటాయని పటాన్‌చెరులో ఒక ముసలి దర్జీ దగ్గర కూర్చుని, అరవై దాటాక అలీఫ్ బే దిద్దారు. పాత పటాన్ని ట్రేసింగు కాగితం మీదికి ఎత్తి, ఇప్పటి ఉపగ్రహం ఫొటో మీద పరిచి, ఏ కాలనీ కింద ఏ కుంట ఉందో, ఏ రోడ్డు కింద ఏ వాగు పారేదో గుర్తుపెట్టేవారు. మా భోజనాల బల్ల మీద మేం భోజనం చేసి ఎన్నేళ్లయిందో! బస్సులో వెళ్తుంటే పక్కవాళ్లతో, "ఇప్పుడు మనం చెరువులో ఉన్నామండీ," అనేవారు. వాళ్లు కాస్త జరిగి కూర్చునేవారు.

నర్సింహమ్మ వస్తే ఆయనకు పండగ. పటాల్లో లేని పేర్లు ఆవిడ దగ్గర ఉండేవి. ఫలానా బాయి, ఫలానావాళ్ల చెలక అని ఆవిడ చెబుతుంటే ఈయన రాసుకునేవారు. "నక్షల కుంట గీస్తె నీళ్లొస్తయా సారూ?" అని ఆవిడ ఆటపట్టించేది. పటాన్ని నక్ష అనేది.

ఈ ఏడు వానాకాలం ముందు ఒక రోజు ఆవిడ పొద్దున్నే వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా ఆయన బల్ల దగ్గరికి వెళ్లింది. ఫ్యాక్టరీల మధ్య రోడ్డు వెడల్పు చేస్తున్నారు. రాయి మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టి పోయారు. పీకేస్తారట.

"సారూ, గా జాగ మా శేనని నీ నక్షల ఉంటది గద? బాయి గూడ ఉంటది. గది పట్టుకపోయి పెద్దసార్లకు సూపెడదం. ఈడ నా బిడ్డున్నది, రోడ్డు జెర పక్కకు జరుపుండ్రని అడుగుదం. గంతే. నాకింకేం వద్దు."

"తప్పకుండా చూస్తాను నర్సమ్మా," అన్నారాయన. ఆయనకూ ఉత్సాహమే. ఇన్నేళ్ల పిచ్చికి ఒక పని దొరికింది.

సంగారెడ్డి వెళ్లి ఎర్రకుంట పటం నకలు తెచ్చారు. మల్లయ్య తండ్రి పేరున ఉన్న సర్వే నంబరు పట్టుకున్నారు. ట్రేసింగు మీదికి ఎత్తి, ఫొటో మీద పరిచారు. మధ్యాహ్నం నేను పప్పు తాలింపు వేస్తుంటే, "నాగేశ్వరీ, ఒకసారి ఇలా రా," అన్నారు. ఆ గొంతు విని పొయ్యి కట్టేసి వెళ్లాను.

మల్లయ్య చేను ఆ రాయి ఉన్నచోట లేదు. చాలా అవతల ఉంది. మోటబావి గుర్తు చిన్న సున్నాలా ఉంది. ఆ సున్నా మీద ఇప్పుడొక ఫ్యాక్టరీ షెడ్డు తాలూకు నీలం రేకుల కప్పు. రాయి ఉన్నచోట పటంలో మూడు ఊళ్ల గీతలు వచ్చి కలుస్తున్నాయి.

"ఇది సమాధి రాయి కాదు. మూడు ఊళ్ల హద్దు కలిసేచోట సర్వేవాళ్లు పాతిన రాయి. దీన్ని కదపకూడదు. అందుకే మిషన్లవాళ్లు ముట్టుకోలేదు," అన్నారు.

నాకు మొదట కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. మ్యాపు మీదే అనుకుంటాను.

"మీరు ఆవిడకు చెప్పడానికి వీల్లేదు," అన్నాను.

"రాయి నిలవాలంటే అది హద్దు రాయని చెప్పి తీరాలి. పిల్ల సమాధంటే ఎవడూ రోడ్డు ఆపడు. హద్దు రాయంటే ఆపుతారు."

"ఆఫీసులో చెప్పండి. ఆవిడకు చెప్పకండి. రాయి నిలిస్తే ఆవిడకు చాలు కదా."

"అబద్ధం కాదూ?"

"ఆవిడ పెట్టే పూలు అబద్ధమా?" అన్నాను. ఇప్పటికీ ఆ విషయంలో నాదే రైటంటాను. నిజం నిప్పులాంటిదంటారు. నిప్పును ఒళ్లో పోయమని ఎవరూ అనలేదుగా.

ఆయన అర్జీ రాశారు, నకళ్లు జతచేశారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. నిజం చెప్పాలంటే వాళ్లు బాగానే విన్నారు. హద్దు రాయి కనుక కదపబోమన్నారు. రోడ్డు గీతను అక్కడ కాస్త వంచారు. కబురు తెలియగానే నర్సింహమ్మ జొన్నరొట్టెలూ పుంటికూర, అదే మన గోంగూర, పచ్చడీ మూటగట్టుకుని వచ్చింది. "నీ నక్ష సల్లగుండ సారూ. నా బిడ్డను ఆపిండ్రు," అని ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆయన రొట్టె తుంచి పళ్లెం అంచున పెట్టేశారు. నేను మాత్రం తిన్నాను. రుచిగానే ఉన్నాయి.

తర్వాత జరిగింది మల్లేష్ చెప్పాడు. సర్వే ఆఫీసు నుంచి రవళి అనే అమ్మాయి, ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని రాయికి నంబరు వేయడానికి వచ్చింది. ఆ రోజు నర్సింహమ్మ కూడా కొడుకుతో వెళ్లింది, బిడ్డ దగ్గరికి సర్కారువాళ్లు వస్తున్నారని. వాళ్లు నీళ్లు పోసి, ఇనుప బ్రష్షుతో రుద్దారు. ఇన్నేళ్ల పసుపూ రంగూ పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. రాయి నెత్తి మీద ఉలితో చెక్కిన గీతలు బయటపడ్డాయి.

రవళి మంచిపిల్ల. ముసలావిడ అంత శ్రద్ధగా చూస్తోందని సంబరపడి, దగ్గరికి పిలిచి మరీ చూపించింది. "సూడమ్మా, మూడు గీతలున్నయ్. ఒక్కో గీత ఒక్కో ఊరి హద్దు దిక్కు పోతది. మీ తాతల కాలం రాయి ఇది. ఇగ దీన్ని ఎవ్వరు ముట్టుకోరు."

"మరి నా బిడ్డ?" అందట నర్సింహమ్మ.

రవళికి అర్థం కాలేదు. మల్లేష్ తల్లిని పక్కకు తీసుకొచ్చేశాడు.

మర్నాడు మా ఇంటికొచ్చింది. ఈసారి గడప మీద కాదు, కింద నేల మీద కూర్చుంది.

"సారూ, నీకు ముందుగాల్నే ఎరికెనా?"

ఆయన తల దించుకున్నారు. "నేనే చెప్పొద్దన్నాను," అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చాలాసేపు కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

"మా ఆయినెకు గూడ ఎరికెనే అక్కా," అంది చివరికి. "సిన్నప్పుడు గొడ్లు గాసెటోడు. మూడూళ్ల రాయి అని ఒకటుండేది, దాని మీద కూసొని మూడూళ్ల పోరగాళ్లం కొట్లాడెటోళ్లం అని నాకే ఎన్నిసార్లు జెప్పిండో. నేను సూడలే. అది అవతలోళ్ల శేను, నిండ పొదలు. ఆయినెకు తెల్వకుంట ఎట్లుంటది? బిడ్డ రాయి పాతింది ఆయినె చేతులే గద. నేను బువ్వ తింటలేనని, గా రాయి తీసుకపోయి సూపెట్టిండు."

అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. తల వంచి నిలబడ్డ మల్లయ్య కళ్ల ముందు మెదిలాడు. పెళ్లాం బిడ్డతో మాట్లాడుతున్నట్టు ఊరి హద్దురాయితో మాట్లాడుతుంటే ఏటా వెనక నిలబడి వినడానికి ఆ మనిషికి గుండె ఎలా నిలిచిందో! ఎన్నడూ ఒక్క మాట జారలేదు. తను మోసినదాన్ని తనతోనే తీసుకుపోయాడు.

"మరి నా బిడ్డ యాడున్నది సారూ? నక్షల సూపెట్టు."

ఆయన పటం తెచ్చి నేల మీద పరిచారు. బావి గుర్తును చూపించారు. ఆమె ఆ సున్నా పక్కన చూపుడు వేలు ఆనించింది. వేలు కింద బావీ గట్టూ రెండూ మూసుకుపోయాయి. చాలాసేపు తీయలేదు.

మల్లేష్ ఎవరెవరినో బతిమాలి ఆ ఫ్యాక్టరీలోకి వెళ్లడానికి ఒప్పించాడు. వాళ్లేమీ దుర్మార్గులు కారు. మా నలుగురికీ తలమీద టోపీలు పెట్టి లోపలికి పంపారు. నర్సింహమ్మ నెత్తిన పసుపుపచ్చ టోపీ నిలవక ఊగుతోంది. మామూలు రోజైతే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నీలం రేకుల షెడ్డు, నున్నటి సిమెంటు నేల, గోడవారగా పేర్చిన డ్రమ్ములు, ముక్కు మండించే వాసన. మావారు కాగితాలు తిప్పుకుంటూ ఒక స్తంభం పక్కన ఆగి, "ఇక్కడే అటూ ఇటుగా," అన్నారు.

నర్సింహమ్మ ఆ సిమెంటును చూసింది. దారి చూపడానికి ఫ్యాక్టరీవాళ్లు మాతో పంపిన పెద్దరాములు అనే ముసలి మేస్త్రీ వైపు తిరిగింది. "అన్నా, దీని కింద మన్నేనా?"

పెద్దరాములు ఈ షెడ్డు కట్టినప్పుడు కూలీగా ఉన్నాడట. సంగతి తెలియని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "లేదు చెల్లే. ఈడిది నల్లమన్ను. నల్లమన్ను మీద కట్టడం నిలవదు. అందుకని లోతుకంట తీసేసి మొరం పోసినం."

"తీసిన మన్ను?"

"లారీలల్ల పోయింది."

"ఎటుదిక్కు పోయినయన్నా లారీలు?"

"ఎవలకు పల్లం ఉంటే గటు. అన్నిదిక్కుల పోయినయ్," అన్నాడు. అప్పుడే మల్లేష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. అతను మా ముఖాలు చూసి ఆగిపోయాడు.

నర్సింహమ్మ టోపీ తీసి మల్లేష్ చేతికిచ్చి బయటికి నడిచింది. ఆమె అంత చప్పుడు లేకుండా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

మొన్న పెత్రమాస వచ్చింది. ఆమె రాదనుకున్నాను. పొద్దున పదిగంటలకు గేటు చప్పుడైంది. కొత్త చీర కట్టుకుంది. ఒక చేతిలో తంగేడు పూల బతుకమ్మ, ఎప్పటిలాగే అరచేతిలో ఇమిడేంతది. ఇంకో చేతిలో స్టీలు డబ్బా. అందులో మలీద ముద్ద అని మూత తీయకుండానే తెలుస్తోంది, బెల్లం వాసన. మల్లేష్ గేటు దగ్గరే ఆగిపోయాడు.

మావారు లేచి నిలబడ్డారు.

"పొద్దుగాల్నే లేసి పేర్సిన సారూ. చేతులు ఊకోలే," అంది. "పేర్సినంక గుర్తొచ్చింది. ఇది యాడ పెట్టాలె? నువ్వే జెప్పు. నక్షలు సూసెటోనివి."

ఆయన నిజంగానే లోపలికెళ్లి పటం తెచ్చారు. బల్ల మీద పరిచి, కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూడటం మొదలుపెట్టారు. ఏం వెతుకుతున్నారో ఆయనకే తెలియదు. పూడిన కుంటలు, పోయిన దారులు, చెరిగిన ఊళ్లు ఎన్నెన్నో చూపించిన మనిషి, ఆ కాగితం అంచు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయారు. భుజాలు కదులుతుంటే తెలిసింది, ఏడుస్తున్నారని.

నేనే ముందుకొచ్చి, "మా వాకిట్లో జామచెట్టు కింద పెట్టు నర్సింహమ్మా. ఇదీ నీ ఇల్లే," అన్నాను.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దక్కా. పోయినోళ్లకు పెట్టేది బతికున్నోళ్ల వాకిట్ల పెట్టొద్దు. మీకు మంచిది గాదు."

డబ్బా చంకన పెట్టుకుని, పూలు నలగకుండా కొంగు కప్పి గేటు దాకా వెళ్లింది. మల్లేష్ గేటు తీశాడు. అక్కడ ఆగి నా వైపు తిరిగింది.

"గా రాయి కాదని తెల్వకపోతే, ఇయ్యాల గూడ పోయి పెట్టొచ్చేదాన్ని గదక్కా," అంది.

తల్లీ కొడుకులు బస్టాపు వైపు వెళ్లిపోయారు.